యాంజియో గుండెకి, పరీక్ష కిడ్నీకి



మా ఓపీలో యాంజియో మాట ఎత్తగానే, రోగి కన్నా ముందు వెంట వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, యాంజియో చేస్తే కిడ్నీలు పోతాయటగా?" ఆ 'అటగా' ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను అడగను. ఏ వియ్యంకుడికో, ఏ పక్కింటాయనకో ఏదో అయ్యుంటుంది. ఆ భయంలో నిజం కొంత, అపోహ చాలా ఉన్నాయి. ఏది ఎంతో చెబుదామని ఇవాళ మీ ముందుకు వచ్చాను.

ముందు ఆ గదిలోకి వెళదాం. క్యాథ్ ల్యాబ్ చలిగా ఉంటుంది. బల్ల సన్నం, పడుకుంటే చేతులు పక్కకి జారిపోతున్నట్టుంటాయి. పైన ఎక్స్‌రే యంత్రం అటూ ఇటూ తిరుగుతుంటుంది. మణికట్టు దగ్గర మత్తు సూది వేసి, నాడి కొట్టుకునే చోట నుంచి రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న క్యాథెటర్ని, అంటే ఓ సన్నటి గొట్టాన్ని, భుజం మీదుగా గుండె దాకా తోస్తాం. రక్తనాళం లోపల మనకి స్పర్శ తెలియదు. అందుకే రోగి మాట్లాడుతూనే ఉంటాడు. కొందరు టీవీలో తమ గుండెని చూసుకుని "ఇదేనా అండీ?" అంటారు.

ఎక్స్‌రేలో రక్తనాళం కనపడదు. అది కనపడాలంటే అయోడిన్ కలిసిన ద్రవం ఎక్కించాలి. దాన్ని మేం డై అంటాం. పేరుకే డై గానీ దానికి రంగేమీ ఉండదు. నీళ్ళలాగే ఉంటుంది, కాస్త జిగట. ఆ డై గుండె నాళాల్లో కొన్ని సెకన్లు నల్లటి కొమ్మల్లా మెరిసి మాయమవుతుంది. అంతటితో మాకు కావలసిన బొమ్మ వచ్చేసింది. కిడ్నీకి పని అప్పుడే మొదలవుతుంది. ఆ డై ఒంట్లో అరగదు, మారదు. దాదాపు అంతా కిడ్నీల దారినే బయటికి పోవాలి. కిడ్నీలు బాగుంటే ఒక్క రోజులో పోతుంది కూడా.

గుండె సంగతి ముందు చెప్పేస్తాను. ఈ పరీక్ష పుట్టిందే ఒక పొరపాటుతో. 1958 అక్టోబరు 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు ఒక యువకుడి గుండె కవాటాన్ని పరీక్షిస్తున్నాడు. డై పోవలసింది పెద్ద ధమనిలోకి. గొట్టం కొన జారి కుడి కరొనరీ నాళం మూతిలో దూరింది. దాదాపు 30 మిల్లీలీటర్ల డై సూటిగా అందులోకి పోయింది. గుండె ఆగింది. ఛాతీ కోయాల్సి వస్తుందేమోనని సోన్స్ కత్తి కోసం చెయ్యి చాచాడు. అంతలో ఏదో తట్టి, "దగ్గు, దగ్గు!" అని అరిచాడు. ఆ కుర్రాడు మూడు నాలుగుసార్లు గట్టిగా దగ్గేసరికి గుండె మళ్ళీ కొట్టుకుంది. కరొనరీ నాళంలోకి నేరుగా డై ఎక్కించినా మనిషి బతుకుతాడని ఆ రోజు తేలింది. ఇప్పటికీ బల్ల మీద ఉన్నప్పుడు డాక్టరు "ఒకసారి దగ్గండి" అంటే కంగారు పడకండి. అరవై ఏళ్ళు దాటిన మంత్రం అది.

ఇప్పుడు ఒక్కో ఇంజెక్షన్‌కి పోయేది అయిదారు మిల్లీలీటర్లే. గొట్టం కొన దగ్గర రక్తపోటు ఎంతుందో గీతలా తెర మీద నడుస్తూనే ఉంటుంది. ఆ గీత చదునుగా పడిపోతే గొట్టం నాళం మూతిని మూసేసిందని అర్థం. అప్పుడు డై కొట్టకూడదు, వెనక్కి లాగాలి. సిరంజిలో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి. రక్తం గడ్డ కట్టకుండా హెపారిన్, నాళం బిగుసుకోకుండా నైట్రోగ్లిసరిన్ ఇవ్వాలి. ఇవన్నీ మా పనులు. మీరు పడుకుని ఉంటే చాలు. కిడ్నీ విషయంలో అలా కాదు. మీరు నోరు విప్పాలి.

కిడ్నీ మీద డై ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. మన గుండె నిమిషానికి అయిదు లీటర్ల రక్తం తోడిపోస్తే అందులో లీటరు దాకా, పిడికిలంతేసి ఉండే ఈ రెండు కిడ్నీలకే పోతుంది. కొరతేముంది అనిపిస్తుంది. కానీ ఆ రక్తంలో ఎక్కువ భాగం పైపొరకే. లోపలి పొరకి చేరేది తక్కువ. కాలువ కింద సేద్యం చేసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎగువ మడికి మోకాలి లోతు నీళ్ళు, శివారు మడికి తడి. కిడ్నీ లోపలి పొర ఆ శివారు భూమి. ఎప్పుడూ అరకొర ఆక్సిజన్ మీద నెట్టుకొస్తూ, ఉప్పుని తోడిపోసే బరువు పనంతా చేస్తుంటుంది. డై రాగానే అక్కడి సన్నటి నాళాలు బిగుసుకుంటాయి. డై జిగట వల్ల లోపల పారకం మందగిస్తుంది. డై తగిలిన కణాలు కొన్ని నేరుగానే దెబ్బతింటాయి. ఎగువన తూము ఒక్క బెత్తెడు దించితే ముందు ఎండేది శివారే కదా. మనిషి ముందే నీరసించి, ఒళ్ళు ఎండి ఉంటే ఇక చెప్పేదేముంది?

ఇక్కడే మన అలవాటు ఒకటి మెడకి చుట్టుకుంటుంది. "పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ" అని గొప్పగా చెబుతారు, అదేదో వ్రతంలాగా. ఎనిమిదింటికి చేస్తామన్న యాంజియో, మధ్యలో గుండెపోటు కేసు వస్తే మూడింటికి జరుగుతుంది. రాత్రి భోజనం తర్వాత చుక్క నీరు లేని మనిషి, అందులోనూ మే నెలలో రెంటచింతల నుంచో రామగుండం నుంచో బయల్దేరి వచ్చినవాడు, ఎండిన కిడ్నీలతో బల్ల ఎక్కుతాడు. ఘనాహారం మానమంటే నీళ్ళు కూడా మానమని కాదు. పరీక్షకి రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు తాగవచ్చా అని అడగండి. చాలామందికి తాగవచ్చనే చెబుతారు. వేళ దాటిపోతుంటే నర్సమ్మని పిలిచి మళ్ళీ అడగండి.

ఇప్పుడు ఒక మాస్టారి సంగతి. 66 ఏళ్ళు, రిటైరైన లెక్కల మాస్టారు. నడిస్తే గుండెలో పట్టేసినట్టు ఉంటోందని వచ్చారు. కిడ్నీ పనితనం తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.8 ఉంది.

"ఏం మందులు వాడుతున్నారు మాస్టారూ?"

"బీపీకొకటి, షుగరుకొకటి. అంతే బాబూ."

పక్కనున్న ఆయన భార్య చీర కొంగు సర్దుకుంటూ, "మోకాళ్ళకి మింగేవి చెప్పరేం?" అన్నారు.

"అది మందేమిటే, నొప్పి బిళ్ళ!"

ఆ నొప్పి బిళ్ళ డైక్లోఫెనాక్. మందుల షాపులో అడిగి తెచ్చుకుని రెండేళ్ళుగా రోజుకి రెండు. ఈ జాతి బిళ్ళలు కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తాయి. అంటే డై వచ్చి దించాల్సిన తూముని ఈయన ముందే సగం దించి పెట్టుకున్నారు. ఆయనకి గుండెపోటు కాదు, తొందరేమీ లేదు. బిళ్ళలు మాన్పించి, రెండు వారాలు ఆగమన్నాను. క్రియాటినిన్ 1.4కి దిగింది. అప్పుడు 38 మిల్లీలీటర్ల డైతో యాంజియో ముగించాం. ఆ రోజు కిడ్నీని కాపాడింది నా చెయ్యి కాదు, ఆవిడ నోరు.

క్రియాటినిన్ గురించి ఒక హెచ్చరిక. రిపోర్టులో ఆ అంకె ఒక్కటే చూసి 'పర్వాలేదు' అనుకోకండి. 1.4 అనే అంకె 30 ఏళ్ళ మగవాడిలో ఉంటే కిడ్నీ పనితనం దాదాపు 70 లెక్కకి వస్తుంది. అదే 1.4 ఓ 75 ఏళ్ళ ముసలావిడలో ఉంటే 40 లోపు. ఆవిడలో కండ తక్కువ, క్రియాటినిన్ పుట్టేదే కండ నుంచి. ఈ పనితనం లెక్కని ఈజీఎఫ్ఆర్ అంటారు. మీరు అడగవలసింది దాన్ని. డై ఎంత వాడవచ్చో మేం తూచుకునేది కూడా దాంతోనే. ఈజీఎఫ్ఆర్ 40 అయితే డై 120 మిల్లీలీటర్లు దాటకూడదని, వీలైతే 80లోనే ముగించాలని మేం పెట్టుకునే గీత. బ్లాకు క్లిష్టంగా ఉంటే ఇవాళ ఫొటోలు తీసి, స్టెంట్ మరో రోజు వేస్తాం. "ఒకేసారి కానిచ్చేయొచ్చుగా, రెండుసార్లు ఎందుకు?" అని విసుక్కోకండి. ఆ వాయిదా కిడ్నీ కోసం. నాళం లోపలికి బుల్లి అల్ట్రాసౌండ్ పంపి, డై తగ్గించి స్టెంట్ వేసే పద్ధతి కూడా ఉంది. 2014లో బ్రెజిల్ డాక్టర్లు ఈ దారిలో మామూలుగా 65 మిల్లీలీటర్లు అయ్యే చోట 20తో సరిపెట్టి చూపించారు.

మరి కిడ్నీని కాపాడే మందేది? ఇది వింటే మీకు నవ్వొస్తుంది. ఉప్పు నీళ్ళు. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అదే సెలైన్. మన ఊళ్ళలో ఏ బాటిల్ వేలాడదీసినా 'గ్లూకోజు ఎక్కించారు' అంటారు గానీ ఇది గ్లూకోజు కాదు. 1994లో అమెరికాలో 78 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. కొందరికి సెలైన్ ఒక్కటే ఇచ్చారు. మిగతావాళ్ళకి సెలైన్‌తో పాటు మూత్రం ఎక్కువ వచ్చే మందు కూడా ఇచ్చారు. మూత్రం ధారాళంగా పోతే డై కడుక్కుపోతుందని ఆశ. జరిగింది వేరు. సెలైన్ ఒక్కటే ఎక్కినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు.

తర్వాత 2000లో ఎసిటైల్ సిస్టీన్ అనే మందు ఈ పనికి ముందుకొచ్చింది. 83 మంది మీద చేసిన చిన్న అధ్యయనం చూసి ప్రపంచమంతా దాని వెంట పడింది. నీళ్ళలో వేస్తే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ముక్కు మూసుకుని తాగమనేవాళ్ళం. నేనూ రాశాను, ఏళ్ళ తరబడి. 2018లో సుమారు 5,000 మంది మీద నిగ్గు తేల్చారు. ఆ మందు తాగినా తాగకపోయినా ఒకటే. సోడా బైకార్బనేట్ ఎక్కించినా మామూలు సెలైన్‌కి మించిన లాభం లేదు. ఆ వాసన భరించిన నా రోగులందరికీ ఈ ఆకాశవాణి ముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అలాగని అందరికీ బాటిళ్ళు తగిలించడమూ కాదు. కిడ్నీ నీళ్ళు అడుగుతుంది. బలహీనపడ్డ గుండె వద్దంటుంది. పంపింగ్ తగ్గిన గుండెకి సెలైన్ ఎక్కువైతే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లో చేరి రోగి రాత్రికి ఆయాసంతో లేచి కూర్చుంటాడు. ఈ తగువు తీర్చడానికి 2014లో అమెరికాలో కొందరు డాక్టర్లు చక్కటి ఉపాయం పట్టారు. ఎలాగూ గొట్టం గుండెలో ఉంది కదా, గుండె గది నిండినప్పుడు లోపల ఒత్తిడి ఎంతుందో కొలిచి, తక్కువుంటే సెలైన్ జోరుగా, ఎక్కువుంటే నెమ్మదిగా వదిలారు. మామూలు పద్ధతిలో కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు నూటికి 16 మంది అయితే, ఇలా కొలిచి ఇచ్చినప్పుడు 7 కూడా లేరు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. అదే బాటిల్, తిప్పే చక్రం దగ్గర తేడా.

మణికట్టు నుంచి చెయ్యడం కూడా కిడ్నీకి మేలే. తొడ దగ్గర నుంచి వెళితే గొట్టం కిడ్నీ నాళాల పక్కనుంచి పోవాలి, దారిలో గోడకి పేరుకున్న కొవ్వుని గీరి రాల్చే ప్రమాదం ఉంది. ఆ రజను కిడ్నీలో ఇరుక్కోవచ్చు, కాలి వేళ్ళు నీలంగా మారవచ్చు. తొడ దగ్గర రక్తస్రావం కూడా ఎక్కువ. అయితే ముందు ముందు డయాలిసిస్ పడవచ్చని తెలిసినవాళ్ళకి చేతి నాళాలు దాచుకోవాలి, డయాలిసిస్ కోసం నాళాలు కలిపే ఫిస్టులా పెట్టేది అక్కడే కాబట్టి. ఏ చెయ్యి, ఏ కాలు అన్నది కిడ్నీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం.

ఉద్దానం వాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, పలాస వైపు కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో పనిచేసేవాళ్ళలో షుగరూ బీపీ లేకుండానే కిడ్నీ జబ్బు వస్తోంది. కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. "షుగరు లేదు కదా, కిడ్నీ పరీక్ష ఎందుకు?" అనే మాట ఆ ప్రాంతం మనిషి విషయంలో చెల్లదు. మీరు ఉపాధి కోసం ఏ నగరానికి వచ్చి ఉన్నా సరే, యాంజియో అన్న రోజున మాది ఉద్దానం అని చెప్పండి.

షుగరు మందు మెట్‌ఫార్మిన్ మీద కూడా గందరగోళం ఉంది. అది కిడ్నీని పాడు చేయదు. కానీ డై తర్వాత కిడ్నీ మొరాయిస్తే అది ఒంట్లో పేరుకుని రక్తంలో ఆమ్లం పెరగవచ్చు. అందుకే కిడ్నీ పనితనం తగ్గినవాళ్ళకి ఆ రోజు ఆపి, 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మళ్ళీ మొదలు పెట్టమంటాం. చాలా జంట బిళ్ళల్లో ఇది కలిసి ఉంటుంది, పేరు చూస్తే తెలియదు. అన్నిటికన్నా ప్రమాదం, 'యాంజియో కదా' అని ఆస్పిరిన్‌తో సహా అన్నీ సొంతంగా ఆపేసి రావడం. ఆస్పిరిన్ గుండెకి కాపలా. డాక్టరు చెబితే తప్ప దాన్ని ఆపకండి. ఇంకొకటి, రొయ్యలు పడనివాళ్ళకి డై పడదనేది ఒట్టి మాట.

భయం ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. గుండెపోటు వచ్చి ఛాతీలో నొప్పితో చెమటలు కక్కుతున్న మనిషికి, క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ఆగుదాం అనుకోకూడదు. నాళం తెరుచుకోకపోతే గుండె కండరం చస్తుంది. గుండె పడిపోతే కిడ్నీకి రక్తం పంపేదెవరు? అప్పుడు స్టెంట్ వేయడమే కిడ్నీకీ రక్ష. నిదానంగా ఉన్న గుండె నొప్పి, ముదిరిన కిడ్నీ జబ్బు కలిసి ఉన్నవాళ్ళ కథ వేరు. 2020లో అలాంటి 777 మందిని గమనించారు. మందులకి తోడు ముందే స్టెంటో బైపాసో చేయించినవాళ్ళకీ, ముందు మందులతోనే నెట్టుకొచ్చినవాళ్ళకీ చావుల్లో, గుండెపోట్లలో తేడా కనపడలేదు. "ఇప్పుడే చేయించాలా డాక్టరుగారూ?" అని వాళ్ళు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

యాంజియో తర్వాత కిడ్నీకి తగిలే ఈ దెబ్బకి పాత పేరు 'డై వల్ల కిడ్నీ దెబ్బ'. ఇప్పుడు 'డై తర్వాత కనిపించే కిడ్నీ దెబ్బ' అంటున్నారు. రక్తపోటు పడిపోవడం, గుండె నీరసం, షుగరు, అన్నీ కలిసి చేసిన పాపం ఇన్నాళ్ళూ డై ఒక్కదాని నెత్తిన పడిందని ఇప్పుడు అర్థమవుతోంది. కిడ్నీలు బాగున్న మనిషికి ప్రమాదం చాలా తక్కువ. దెబ్బ తగిలినా ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు వారాల్లో సర్దుకుంటుంది.

ఆఖరుగా నా తప్పు ఒకటి చెబుతాను. ట్రైనింగ్ రోజుల్లో, ఒక పెద్ద ఆస్పత్రిలో, ఓ షుగరు రోగికి యాంజియో చేసి మర్నాడు పొద్దున్నే పంపించేశాను. క్రియాటినిన్ చూశాం, బాగానే ఉంది. అయిదో రోజున కాళ్ళ వాపుతో తిరిగి వచ్చాడు. మూత్రం రెండు రోజులుగా సరిగ్గా లేదు. క్రియాటినిన్ మూడింతలైంది. దెబ్బ తగిలిన కిడ్నీ మర్నాడు ఏమీ చెప్పకపోవచ్చు, అంకె పెరగడం రెండో మూడో రోజున కనపడవచ్చు. అతను మూడు వారాలకి కోలుకున్నాడు, డయాలిసిస్ దాకా పోలేదు. అది అతని అదృష్టం, నా తెలివి కాదు.

కాబట్టి షుగరు, కిడ్నీ జబ్బు, గుండె నీరసం, 75 దాటిన వయసు, వీటిలో ఏది ఉన్నా డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడే అడగండి, "మూడో రోజు క్రియాటినిన్ ఎక్కడ చేయించాలి?" అని. మీ ఊళ్ళో ల్యాబ్‌లో చేయించి అంకె ఫోనులో చెప్పినా చాలు. ఇంట్లో ఎవరికైనా యాంజియో రాసి ఉంటే, ఈ రాత్రికే బీరువాలో, దిండు కింద, పోపుల డబ్బా పక్కన, ఎక్కడెక్కడ ఉన్న బిళ్ళల అట్టలన్నీ ఒక సంచిలో వేయండి. ఆయుర్వేదం పొట్లాలు, నొప్పి బిళ్ళలు కూడా. ఆ సంచి తెచ్చి మా బల్ల మీద బోర్లించండి.